తారు దేవుడి అడవిలో ఆడవాళ్లు

తాడోబా అనేది పులుల పేరు కాదు, మన దేవుడి పేరు. తారు అనే గోండు ఊరిపెద్ద పులితో తలపడి ప్రాణం విడిచాడనీ, అతన్నే చెరువు గట్టున పెద్ద చెట్టు కింద దేవుడిగా నిలుపుకున్నామనీ చాందా వైపు గోండులు చెప్పుకుంటారు. తారు దేవుడు తాడోబా అయ్యాడు. చెరువుకూ ఆ పేరే వచ్చింది. 1955లో ప్రభుత్వం అక్కడి 116 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు దానికీ అదే పేరు పెట్టింది. పేరు మనదే ఉంచారు గానీ, పుష్య మాసంలో ఆ దేవుడి దగ్గర జరిగే జాతరకు మాత్రం ఆంక్షలు వచ్చాయి. అదే పుష్య మాసంలో కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు నాగోబాను కొలుస్తారు. పూజకు వెళ్లాలంటే ఇంకొకరి అనుమతి అడగాల్సి రావడం ఎలా ఉంటుందో మన వాళ్లకు విడమర్చి చెప్పనక్కరలేదు.

చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. మనకు పరాయి ఊరు కాదు. వార్ధా, ప్రాణహిత నదులు ఈనాడు తెలంగాణకూ మహారాష్ట్రకూ సరిహద్దు గీతలు, ఆనాడు అవి ఒకే జనం దాటే రేవులు. బల్లార్షాలోనూ చాందాలోనూ గోండు రాజులు కోటలు కట్టి ఏలారు. రాణి హిరాయి తన భర్త బీర్‌షాకు కట్టించిన సమాధి చంద్రపూర్‌లో నేటికీ నిలిచి ఉంది. మొగల్ రాణుల కథలు కంఠతా చెప్పే మన పిల్లలకు ఈ రాణి పేరు తెలియదు. 1751లో ఆ రాజ్యం మరాఠాల చేతికి, వంద సంవత్సరాల తరువాత ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. బాబూరావ్ షెడ్మాకే తిరగబడితే 1858 అక్టోబరు 21న చాందా జైలులో ఉరి తీశారు. నదికి ఇవతల నిర్మల్ వైపు రాంజీ గోండు పోరాడింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే.

అడవి చేతులు మారాక అడవిని చూసే కళ్లు కూడా మారాయి. ఇంగ్లీషు దొరలకు అడవి అంటే కలప, వేట. దొర మంచె మీద కూర్చుంటాడు. మన వాళ్లు డప్పులు కొట్టుకుంటూ, కేకలు వేసుకుంటూ పులిని మంచె వైపు తోలుకు రావాలి. పులి వెనక్కి తిరిగితే ముందు ఉండేది తోలేవాడే. దొరసానులు కూడా వేటకు దిగారు. ఇసాబెల్ సావరీ అనే ఆమె హిందూ దేశంలో తన వేటల గురించి 1900లో ఒక పుస్తకమే అచ్చు వేయించింది. ఆడదై ఉండి తుపాకి పట్టిందని ఆ కాలంలో అది గొప్ప. ఆ గొప్పలో జాడ పట్టిన వాళ్లకు, తోలిన వాళ్లకు పేర్లు ఉండవు. నిజాం రాజ్యంలోనూ తేడా ఏమీ లేదు. దొరలకు వేట, మనకు వెట్టి. అడవిని రిజర్వు చేస్తూ జంగ్లాతోళ్లు గూడేలను ఖాళీ చేయించి, ఇళ్లు తగలబెట్టిన కోపమే 1940లో కుమ్రం భీంను జోడేఘాట్ దాకా నడిపించింది.

తరువాత కాలం మారింది. తాడోబా అడవిలో 1935లోనే వేట ఆపారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1986లో అంధారి అభయారణ్యం, 1995లో రెండూ కలిపి పులుల రిజర్వు అయ్యాయి. మన కవ్వాల్ 1965లో అభయారణ్యం, 2012లో పులుల రిజర్వు. తుపాకి పోయి కెమెరా వచ్చింది. అది మంచిదే, ఆ విషయంలో మాకు రెండో మాట లేదు. కాకపోతే మంచె ఎక్కేవాళ్లూ తోలేవాళ్లూ అనే విభజన తుపాకితో పాటే పోయిందా అన్నది చూడాలనుకున్నాం.

ఈ మధ్య నగరాల ఆడవాళ్లు ఆరుగురు, ఎనిమిది మంది కలిసి, మగతోడు లేకుండా, గైడును పెట్టుకుని జాతీయ పార్కులకు పోతున్నారు. తాడోబా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కొందరు గైడ్లుగా, జిప్సీ డ్రైవర్లుగా శిక్షణ పొంది పని చేస్తున్నారని విన్నాం. మేం ఆరుగురం ఆడ టీచర్లం, నలుగురు గోండులు, ఇద్దరు కోలాములు. ఒక చలికాలం సెలవుల్లో కాగజ్‌నగర్‌లో రైలెక్కి, వార్ధా వంతెన దాటి, బల్లార్షా మీదుగా చంద్రపూర్‌లో దిగాం. అక్కడి నుంచి మొహర్లీ గేటు. జిప్సీలో ఆరుగురికే చోటు, గైడూ డ్రైవరూ కాక. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. అదీ ఒకందుకు మంచిదే అయింది, చూపు పక్కకు పోలేదు.

గైడు ఒక గోండు అక్క, నలభై ఏళ్లు ఉంటాయి. మాతో ముందు మరాఠీ కలిపిన హిందీలో మాట్లాడింది. మాలో ఒకరు గోండిలో పలకరించేసరికి ఆమె మొదట అడిగింది పులి సంగతి కాదు, మా సగ ఏమిటని. ఆమెది ఏడు దేవర్ల సగ. మాలో ఇద్దరిదీ అదే. అంతే, ఆ ఇద్దరూ చెల్లెళ్లయ్యారు, మిగిలిన గోండులకు వదినయింది. కోలాం టీచర్లను కూడా వరస కలిపి పిలవడం మొదలుపెట్టింది. రాష్ట్రాల సరిహద్దు గేటు దగ్గరే చెరిగిపోయింది.

ఆ దారి పొడవునా పాత రాతి స్తంభాలు కనిపిస్తాయి. గోండు రాజుల కాలంలో వాటి మీదుగా తాడు లాగి, గంటలు కట్టి, చాందా కోటకు కబురు పంపేవారని గైడ్లు చెబుతారు. మా అక్క కూడా చెప్పింది. పర్యాటకులు ఒక్క నిమిషం విని, పులి ఎక్కడ అని అడుగుతారట. మేము బండి ఆపించి చాలాసేపు చూశాం. టీచర్లం కదా, వెంటనే పాఠం కనిపించింది.

ఆమె అడవిని చూపించిన తీరు గురించి రాయాలి. పులిని వెతకలేదు, పులిని చూస్తున్న వాళ్లను వెతికింది. చెట్టు మీద కొండముచ్చు ఎటు తిరిగి కూర్చుందో, చుక్కల దుప్పి తోక ఎప్పుడు లేపిందో, కణితి ఒక్కసారే అరిచిందా, ఆపకుండా అరుస్తోందా. దుప్పి ఊరికే కూడా బెదురుతుంది, కణితి అంత సులువుగా కంగారుపడదు, కాబట్టి కణితి మాటకు విలువ ఎక్కువ అంది. దుమ్ములో అడుగు చూసి, దాని మీద మంచు పడిందా లేదా చూసి, తెల్లవారుజామున పోయిందో రాత్రే పోయిందో చెప్పింది. ఇప్పచెట్టు బెరడు మీద గీతలు చూసి ఎలుగుబంటి ఎక్కిందని చెప్పింది. మాలో పెద్దావిడ మెల్లగా, ఇదంతా మా అమ్మ ఇప్పపువ్వు ఏరడానికి పోతూ చెప్పినదే అంది. నిజమే. శిక్షణలో కొత్తగా నేర్చుకున్నదేమిటని అడిగితే, పక్షుల ఇంగ్లీషు పేర్లు, పర్యాటకులతో మాట్లాడే పద్ధతి అని నవ్వింది గైడు అక్క. మిగతాది తల్లి దగ్గర వచ్చిన చదువు. ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు, అంతే తేడా.

మధ్యలో విశ్రాంతి చోట పుణె నుంచి వచ్చిన ఆడవాళ్ల బృందం కలిసింది. మంచి మనుషులు, మాతో తినుబండారాలు పంచుకున్నారు. వాళ్లలో ఒకామె మా గైడును, చిన్నప్పటి నుంచి ఈ అడవిలో తిరిగావు, భయం వేయలేదా అని అడిగింది. "తునికాకు కోయడానికి అమ్మతో వచ్చేదాన్ని. అప్పుడు పులికి కాదు, గార్డుకు భయపడేవాళ్లం," అంది అక్క. పుణె ఆమె నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

ఆ రోజు మేము పులిని చూడలేదు. రేసుకుక్కల గుంపును చూశాం, అడవిదున్నలను చూశాం, చెరువులో మొసలిని చూశాం. చుట్టూ పచ్చిక పెరిగిన ఒక మైదానంలో దుప్పులు మేస్తుంటే, పార్కుల్లో ఇట్లాంటి పచ్చికలు చాలాచోట్ల పాత ఊళ్ల పొలాలేనని అక్క చెప్పింది. తాడోబాలో బోటేఝరి, నవేగావ్ రామ్‌దేగి వంటి ఊళ్లను ఈ ఇరవై ఏళ్లలో బయటికి తరలించారు. దుప్పి మేతకు మైదానం బాగుంటుంది. మైదానాన్ని చదును చేసింది మాత్రం నాగలి.

ఈ కథలో ఇంకో వైపు ఉంది, దాన్ని దాటవేస్తే అబద్ధం అవుతుంది. జిప్సీలో కూర్చున్న ఆడవాళ్లకు పులి ఒక అదృష్టం. నేల మీద నడిచే ఆడవాళ్లకు అది వేరు. 2021 నవంబరులో తాడోబా కోర్ ప్రాంతంలో పులి జాడల సర్వే చేస్తున్న ఒక మహిళా ఫారెస్ట్ గార్డు పులి దాడిలో చనిపోయింది. 2025 మే నెలలో చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో తునికాకు కోస్తున్న ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోజు చనిపోయారు. మన వైపు 2020 నవంబరులో దిగిడలో ఒక యువకుడు, కొండపల్లిలో పత్తి చేనులో ఒక అమ్మాయి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర మళ్లీ చేనులోనే ఒక యువతి. తునికాకు వంగి కోస్తారు, పత్తి వంగి ఏరుతారు. వంగిన మనిషి పులికి మనిషిలా కనిపించదని పెద్దలు అంటారు. ఆ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లు.

ఈ పులులు తాడోబా నుంచి మన అడవికి వచ్చే దారి నదుల మీదుగానే. ఫాల్గుణ అని జంగ్లాతోళ్లు పేరు పెట్టిన ఆడపులి అట్లా వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లలను పెట్టింది. దాని తరువాత ఆ దారికి కారిడార్ అనే పేరు పెరిగి పెద్దదైంది. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చి ఆ ప్రాంతాన్ని కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వు చేసింది. మళ్లీ చూడండి, పేరు మనది. ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి, జులై 21న ఆ జీవోను నిలిపివేశారు. నిలిపివేయడం అంటే రద్దు చేయడం కాదని మన పిల్లలకు తెలుగు పాఠంలోనే చెప్పవచ్చు.

పులి ఉండకూడదని మేం అనడం లేదు. తారును చంపిన పులిని కూడా చాందా గోండులు పగబట్టలేదు. మేం అడిగేది అడిగేవాళ్లు ఎవరు, ఒప్పుకునేవాళ్లు ఎవరు అని. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా ఊరిని కదపకూడదు. ఆ చట్టం కింద ఇచ్చే పట్టాలో పెళ్లయిన వాళ్లకు భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. 2012 సవరణ తరువాత గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పులుల రిజర్వు నుంచి కదిలే కుటుంబానికి ఇచ్చే సొమ్ము పది లక్షల నుంచి 2021లో పదిహేను లక్షలైంది. ఆ లెక్కలో పద్దెనిమిదేళ్లు నిండిన పెళ్లికాని కూతురు వేరే కుటుంబం. వితంతువు వేరే కుటుంబం. విడాకులైన ఆడమనిషి కూడా. కడెం మండలంలో రాంపూర్, మైసంపేట ఊళ్లు కదిలాయి, రేపు ఏ ఊరి వంతో. మా బడిలో పదో తరగతి అమ్మాయిలను అడిగితే, ఈ సంగతి ఒక్కరికీ తెలియదు.

1943లో మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించినప్పుడు మన పిల్లల చదువు మన భాషలో మొదలైంది. తాడోబా నుంచి వచ్చాక మేం ఆరుగురం ఆ పద్ధతిలోనే ఒక చిన్న పని పెట్టుకున్నాం. ప్రతి బడిలో అమ్మాయిలకు ఒక నోటుబుక్కు ఇచ్చాం. ఇంట్లో అమ్మ, అవ్వ, పెద్దమ్మ అడవిలో ఏ జంతువు జాడ ఎట్లా గుర్తుపడతారో అడిగి, గోండిలోనో కోలామిలోనో చెప్పింది చెప్పినట్టు తెలుగు లిపిలో రాయాలి. కింద చెప్పిన వాళ్ల పేరు, ఊరు రాయాలి. చట్టం సంగతులు చివరి పేజీలో మేమే రాసి ఇచ్చాం. మొదటి నెలలో తిరిగి వచ్చిన పుస్తకాల్లో ఒకటి ఇప్పపువ్వు రాలే పది రోజులు ఎలుగుబంటి ఏ వేళకు వస్తుందో చెబుతూ నాలుగు పేజీలు నిండింది. చెప్పినావిడకు డెబ్బై ఏళ్లు, నిశానీ. రాసిన మనవరాలు పేజీ కింద ఆమె వేలిముద్ర కూడా వేయించి తెచ్చింది.