ఫిట్స్ అనే ఒక్క మాట

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా మా వైపు వాడేది ఒకటే మాట: ఫిట్స్. పెద్దవాళ్ళయితే కాకిసోమాల అంటారు. మనిషి పడిపోయి కొట్టుకుంటుంటే చేతిలో తాళాలగుత్తి పెడతారు. అదే బడిలో ఒక పిల్ల పాఠం మధ్యలో పది సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్ళీ మామూలైపోతే పరధ్యానం అని కసురుతారు. ఆ రెండోదీ మూర్ఛే కావచ్చు. రెండిటికీ మందు ఒకటి కాదు.

ఈ తేడా తెలియడానికి వైద్యానికే చాలా కాలం పట్టింది. 1857లో లండన్‌లో చార్లెస్ లోకాక్ పొటాషియం బ్రోమైడ్ గురించి చెప్పాడు. కామాన్ని అణుస్తుందని పేరున్న మందు అది. ఆడవాళ్ళ మూర్ఛని నెలసరికీ హిస్టీరియాకీ ముడిపెట్టి ఇచ్చాడు. ఊహ తప్పు, మందు మాత్రం పనిచేసింది. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్, నిద్రకిచ్చే ఫినోబార్బిటాల్‌తో మూర్ఛలు తగ్గడం గమనించాడు. మన మందుల షాపుల్లో గార్డినాల్ అంటే అదే. 1938లో అమెరికాలో మెరిట్, పుట్నమ్ ఫెనిటాయిన్ తెచ్చారు. మనిషిని మత్తులో ముంచకుండా కూడా మూర్ఛని ఆపొచ్చని దాంతో తేలింది. కానీ ఆ బడిపిల్లకి అది పనికిరాదు, ఒక్కోసారి ఎక్కువ చేస్తుంది కూడా. 1967లో ఫ్రాన్స్‌లో మార్కెట్‌కొచ్చిన వాల్‌ప్రోయేట్ రెండు రకాలకీ పనిచేస్తుంది. గర్భంలో బిడ్డకి మాత్రం ప్రమాదం.

మరి ఏ రకమో డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? ఈఈజీ, స్కానింగ్ సాయం చేస్తాయి. వాటికన్నా ముందు కావాల్సింది చూసినవాళ్ళ మాట. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది? చూపు ఎటు తిరిగింది? ఎంతసేపు? లాగ్ లేకుండా బగ్ పట్టుకోమంటే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం చేతులెత్తేస్తాం. ఇదీ అంతే.

అలా చెప్పాల్సిన ఇంటివాళ్ళ నోరు నొక్కింది చట్టమే. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం, మళ్ళీ మళ్ళీ వచ్చే మూర్ఛని పిచ్చి పక్కన చేర్చి పెళ్ళికి అనర్హతగా రాసింది. మూర్ఛ అన్న మాట అందులోంచి పోయింది 1999లో.

చట్టం మారి పాతికేళ్ళు దాటినా, సంబంధాలు చూసేటప్పుడు మా ఊళ్ళలో ఆ ఊసెత్తని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పెళ్ళయ్యాక అమ్మాయి మాత్రలు దాచుకుని వేసుకోవాలి, లేదా మానెయ్యాలి. ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా వచ్చే మూర్ఛ ప్రాణమే తియ్యొచ్చు. వేసుకునేది వాల్‌ప్రోయేట్ అయితే, గర్భం రాకముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్చుకునే సంగతి తేల్చుకోవాలి. అత్తింట్లో ఎవరికీ తెలియని మాత్ర గురించి ఆ అమ్మాయి డాక్టర్ దగ్గరికి ఎవరితో వెళ్తుంది?