ఉప్పు, బొగ్గు, ఒక బిల్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదు. సర్వీసంతా బిల్లులు వ్రాసినవాణ్ణి. అందుచేత నా చేతిమీదుగా వెనక్కి వెళ్ళిన ఒక బిల్లుతో సంబంధమున్న చరిత్రే వ్రాస్తున్నాను. అది ఎర్తు తీగ చరిత్ర.

1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే శాస్త్రజ్ఞుడు రైలు పట్టాలనే టెలిగ్రాఫు తీగలుగా వాడిచూశాడు. కరెంటు నేలలోకి పోయి ప్రయత్నం విఫలమైంది. కాని నేల కూడా కరెంటును మోస్తుందని ఆ వైఫల్యమే తెలియజెప్పింది. రెండు చివరలా లోహపు పలకలు పాతితే తిరుగు తీగ అక్కరలేదు! మన దేశంలో 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు వైపు టెలిగ్రాఫు లైను వేసిన ఓషానెస్సీ, అంతకుముందే 1839లో హుగ్లీ నది నీటి గుండా కరెంటు పంపి చూశాడు.

నేల తెచ్చిన ప్రమాదమూ త్వరలోనే తెలిసివచ్చింది. 1859 సెప్టెంబరులో సూర్యునిలో చెలరేగిన తుఫాను వల్ల అనేక దేశాల టెలిగ్రాఫు తీగలలో కరెంటు దానంతటదే ప్రవహించింది. ఆపరేటర్లకు షాకులు కొట్టాయి. అమెరికాలో కొందరు బ్యాటరీలు తీసివేసి కూడా వార్తలు పంపగలిగారు.

తరువాత టెలిఫోను ఎక్స్ఛేంజీలు వచ్చాయి. అక్కడి 19 అంగుళాల వెడల్పు ఇనుప ర్యాకే నేడు కంప్యూటర్ నెట్‌వర్కు పెట్టెలకూ కొలత. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి వాటి లోహభాగాలకు రెండు విడివిడి ఎర్తు కనెక్షన్లు ఉండాలన్నాయి.

ఇక నా బిల్లు. 2003 వేసవిలో మా కార్యాలయంలో ఎర్తు గుంటకు ఉప్పు, బొగ్గు, నీళ్ళ ఖర్చుకు కంటింజెన్సీ బిల్లు వచ్చింది. కార్యాలయానికి ఉప్పెందుకని ఆడిట్‌వారు అడుగుతారని భయపడి, వివరణ కోరుతూ తిప్పి పంపాను. గుంట ఎండిపోయింది. కొన్నాళ్ళకు ర్యాకులోని ఒక పెట్టెలో ఫేజు తీగ రేకుకు తగిలింది. ఎర్తు సరిగా లేనందున ఫ్యూజు పోలేదు. దుమ్ము తుడవబోయిన అటెండరు చెయ్యి ర్యాకుకు అతుక్కుపోయింది. ఎవరో పరుగున వెళ్ళి మెయిన్ ఆపారు. ప్రాణం దక్కింది కాని, రెండు వేళ్ళు చాలాకాలం ముడుచుకోలేదు.

"ఈ గుంటలో ఉప్పు వేసి ఎన్నాళ్ళయింది సార్?" అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. నా దగ్గర ఫైలు నెంబరు ఉంది గాని జవాబు లేదు.

ఆ తరువాత పని జరుగుతున్నంతసేపూ అతని పక్కనే నిలబడి అడిగి తెలుసుకున్నాను. ర్యాకులో ప్రతి పెట్టె నుంచీ విడి తీగ రాగి పట్టీకి రావాలి. ఒకదాని నుంచి మరొకదానికి గొలుసుకట్టుగా కలిపితే, మధ్యలో ఒకటి తీసిననాడు మిగిలినవాటికి ఎర్తు పోతుంది. రంగు కరెంటును పోనివ్వదు కనుక తీగ బిగించేచోట రంగు గీకాలి. ఆ పట్టీ భవనం ప్రధాన ఎర్తుతో కలవాలి. కంప్యూటర్లకని వేరే గుంట తవ్వి కలపకుండా వదిలితే, పిడుగు పడినప్పుడు రెండింటి మధ్య వోల్టేజి తేడా వచ్చి సామానూ మనిషీ దెబ్బతింటారు. కొత్త పెట్టె పెట్టేటప్పుడు ఎర్తు తీగ మొదట కలపాలి, తీసేటప్పుడు చివర విప్పాలి.

మిత్రులారా, మన ఇంటి ప్లగ్గులో పెద్ద పిన్ను పొడవుగా ఉండేది ఇందుకే. అది ముందు తగిలి, చివర విడుతుంది. సాకెట్టులో పట్టలేదని దాన్ని విరగ్గొట్టకండి. మనవలు నెట్ పెట్టె తెచ్చిననాడు, ఇంటి ఎర్తు సరిగా ఉందో లేదో లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి కొలిపించండి. ఆ బిల్లు వస్తే మాత్రం, దయచేసి వివరణ అడగకండి.