దుంగ అమ్మినా, ప్లైవుడ్ అమ్మినా

"అడవి సరుకును ముడిగా అమ్మకండి, వస్తువు చేసి అమ్మితే బాగుపడతారు" అని మనకు చాలామంది చెబుతుంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఎంత నిజమో తెలియాలంటే ఇండోనేషియా, మలేషియా దేశాల ప్లైవుడ్ చరిత్ర చూడాలి.

బోర్నియో ఒకే దీవి. దాని దక్షిణ భాగం కాలిమంతన్ ఇండోనేషియాది. ఉత్తరాన సబా, సరవాక్ మలేషియావి. రెండు వైపులా ఒకే రకం అడవి. అక్కడి మెరాంటి చెట్టు మన గుగ్గిలం చెట్టుకు చుట్టమే. మనలాగే పోడు చేసుకునే డయాక్ ప్రజలూ, మన జీలుగు పిండి లాంటి సాగో పిండి తిని బతికే పెనాన్ ప్రజలూ ఆ దీవిలో ఉన్నారు.

1967లో ఇండోనేషియా అటవీ చట్టం చేసి, అడవులను కంపెనీలకు కౌలుకు ఇచ్చింది. దుంగలు ఓడలెక్కి జపాన్, కొరియా, తైవాన్ వెళ్లేవి. వాటిని పల్చటి పొరలుగా ఒలిచి, జిగురు పూసి, వేడి యంత్రంలో నొక్కి ప్లైవుడ్ చేసి ఆ దేశాలు లాభపడేవి. ఆ లాభం మనకే రావాలని ఇండోనేషియా 1985 నాటికి దుంగల ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. ఫ్యాక్టరీలు వెలిశాయి. 1990ల మొదట్లో ఉష్ణమండల ప్లైవుడ్ ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం ఆ దేశానిదే.

మరి డబ్బు ఎవరికి చేరింది? ఎగుమతి అంతా ఆప్కిండో అనే ఫ్యాక్టరీల సంఘం చేతిలో ఉండేది. దాని పెద్ద బాబ్ హసన్, అధ్యక్షుడు సుహార్తోకు దగ్గరివాడు. దుంగ బయటికి పోయే దారి లేదు కాబట్టి దేశంలో దాని ధర పడిపోయింది. చవకగా దొరికినదాన్ని ఫ్యాక్టరీలు పొదుపుగా వాడలేదు. 1998లో ఆర్థిక సంక్షోభంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతుతో ఆ గుత్తాధిపత్యం పోయింది.

మలేషియా దారి వేరు. సబా 1993లో దుంగల ఎగుమతిని నిషేధించింది. సరవాక్ మాత్రం జపాన్‌కు, మన దేశానికి కూడా దుంగలు అమ్ముతూనే, పక్కన ఫ్యాక్టరీలూ పెంచుకుంది. 2000 తర్వాతి దశకంలో మలేషియా ప్లైవుడ్ ఎగుమతిలో ఇండోనేషియాను దాటింది. కానీ 1987లో సరవాక్‌లో పెనాన్ ప్రజలు తమ అడవి కోసం కలప లారీల దారికి అడ్డంగా కర్రలు కట్టి నిలబడ్డారు. చాలామందిని అరెస్టు చేశారు. తర్వాత ఆ దారిని అడ్డగించడమే నేరమని చట్టం మార్చారు.

ఒక దేశం ముడిసరుకు ఆపింది, ఇంకొకటి రెండూ అమ్మింది. వ్యాపార లెక్కల్లో ఇద్దరూ వేర్వేరు కాలాల్లో ముందున్నారు. అడవిలో ఉన్నవారికి మాత్రం రెండు వైపులా ఒకటే జరిగింది. అడవి వారిదని ఏ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. ఇండోనేషియాలో ఆదివాసుల సంఘం కోర్టుకెక్కాక, 2013లో రాజ్యాంగ న్యాయస్థానం ఆచార అడవులు ప్రభుత్వ అడవులు కావని తీర్పు ఇచ్చింది. అప్పటికి చాలా అడవి పోయింది.

మన 2006 అటవీ హక్కుల చట్టం వెదురుతో సహా చిన్నతరహా అటవీ ఫలసాయంపై మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. యువకులారా, మీ ఊరికి యంత్రం వస్తుందంటే సంతోషించండి. కానీ ముందు గ్రామసభలో రెండు ప్రశ్నలు అడగండి: సామూహిక హక్కు పత్రం మన ఊరి పేరున వచ్చిందా? ధర ఎవరు నిర్ణయిస్తారు?