మెదడులోని మచ్చ

తెలుగువారు రాయవేలూరని పిలుచుకొను వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలయందు 1949లో డాక్టరు జేకబ్ చాండీ నెలకొల్పిన నాడీశస్త్రచికిత్సా విభాగము భారతదేశమున అట్టివానిలో మొదటిది. చిత్తూరు మొదలగు ఇరుగుపొరుగు జిల్లాలనుండి రోగులను వెంటబెట్టుకొని అచ్చటికి పోవు తెలుగు కుటుంబములు నాడును నేడును అనేకములు. మెదడు చికిత్సాచరిత్రలో ఒక చిక్కుముడి అచ్చటనే విడిపోయినది.

సి.టి. స్కాను మనదేశమున వ్యాపించిన పిమ్మట, 1980ల నాటికి, మూర్ఛలు వచ్చినవారి చిత్రములలో ఒక వింత తరచుగా కనబడజొచ్చెను: నరములోనికి ఎక్కించిన మందు చేరుటచే తెల్లగా మెరయు ఒక చిన్న ఉంగరము, దానిచుట్టును నల్లగా పరచుకొన్న వాపు. క్షయ ఊరూర నెలకొన్న దేశమగుటచే పలువురు వైద్యులు దీనిని క్షయగ్రంథిగా నెంచి మాసములతరబడి క్షయమందు లిచ్చుచుండిరి. మచ్చ మాయమైనప్పుడు అది మందుల మహిమయే యని తలచిరి. అయితే ఆ మందులు పుచ్చుకొనక, మూర్ఛమాత్రలు మాత్రమే వాడినవారికిని మచ్చ కరగిపోవుచుండుట అనుమానమునకు తావిచ్చెను.

అంతట వేలూరు వైద్యులు మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ ప్రభృతులు శస్త్రచికిత్సచే అట్టి మచ్చలను వెలికిదీయించి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపగా, క్షయగ్రంథిలో నుండవలసిన జున్నువంటి మృతకణజాలమునకు మారుగా, పెక్కింటిలో బద్దెపురుగు పిల్లదశయైన సిస్టిసర్కస్ అవశేషములు బయల్పడెను. చచ్చుచున్న క్రిమిపై దేహము సలిపిన పోరాటమే ఆ ఉంగరమునకును మూర్ఛకును మూలము. ఈ సంగతిని వారు 1989లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి.

తదుపరి వారు మచ్చ ఈ క్రిమివలననే యని తేల్చు నిర్ణయలక్షణములను కూర్చిరి: మచ్చ ఒక్కటియే యై, వ్యాసము 20 మిల్లీమీటర్లకు మించక, కపాలమున ఒత్తిడి పెరిగిన చిహ్నములుగాని, నానాటికి ముదురు పక్షవాతాది లోపములుగాని, ఒడలియందు క్షయాదివ్యాధులుగాని లేనియెడల, మూర్ఛమాత్ర లిచ్చుచు కొన్ని మాసముల పిదప మరల స్కాను తీయింపవచ్చును. మచ్చ తగ్గక పెరిగినచో బయాప్సీయే శరణ్యము.

ఈ బద్దెపురుగు గ్రుడ్లు మనుష్యుల మలముద్వారా నీటిని, కూరగాయలను చేరును గనుక శాకాహారులకును ఈ వ్యాధి రావచ్చును. పచ్చికూరలను శుభ్రముగ కడిగి తినుట, మలవిసర్జన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనుట మనచేతిలోని పనులు. తక్కిన నిర్ణయము వైద్యునిది. నాడు కొందరి కపాలములు తెరచి చూచినందుననే నేడు అనేకులకు ఆ అవసరము తప్పినది.