పరుగు, గుండె: ఒక పాత వాదం

ఎక్కువ దూరం పరుగెత్తితే గుండె ఆగిపోతుందన్న భయం చాలా పాతది. క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధంలో గెలిచామన్న వార్త ఏథెన్స్‌కు చేర్చి, దూత అక్కడికక్కడే ప్రాణం విడిచాడన్న కథ అందరం విన్నదే. అయితే ఆ యుద్ధ చరిత్ర రాసిన హెరొడోటస్ ఈ మరణం ఊసే ఎత్తలేదు. అది కొన్ని వందల ఏళ్ళ తర్వాతి రచయితల మాట.

ఆ కథే 1896 ఒలింపిక్స్‌లో మారథాన్ పందేనికి మూలం. నేడది 42.195 కిలోమీటర్లు. మన కొత్తపట్నం నుంచి ఒంగోలు వెళ్ళి తిరిగొచ్చినా ఇంకా మిగిలే దూరం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పోర్చుగల్ పరుగువీరుడు ఫ్రాన్సిస్కో లాజరో ఎండకు కుప్పకూలి మరునాడు మరణించాడు. మన ఎండలు తెలిసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

1899లో స్వీడన్ వైద్యుడు హెన్షెన్ మంచు మీద స్కీయింగ్ చేసే క్రీడాకారుల ఛాతీని వేళ్ళతో తట్టి చూసి, వారి గుండె పెద్దదైందని గుర్తించాడు. అది జబ్బా, బలమా అన్న వాదం అప్పుడు మొదలై దశాబ్దాలు సాగింది. అమెరికాలో క్లారెన్స్ డిమార్‌ను గుండె సవ్వడి బాగాలేదు, పరుగు మానమని వైద్యులు హెచ్చరించారు. ఆయన బోస్టన్ మారథాన్‌ను ఏడుసార్లు గెలిచాడు. 1958లో క్యాన్సర్‌తో మరణించాక పరీక్షిస్తే, గుండె రక్తనాళాలు మామూలు కంటే రెండు మూడింతలు వెడల్పుగా కనిపించాయి.

దాంతో పరుగెత్తేవారికి గుండెపోటు రాదన్న ధీమా పుట్టింది. 1984లో ఆ ధీమా సడలింది. పరుగు మీద ప్రసిద్ధ పుస్తకం రాసిన జిమ్ ఫిక్స్ 52వ ఏట పరుగెత్తుతూనే చనిపోయాడు. ఆయన రక్తనాళాలు పూడుకుపోయి ఉన్నాయి. తండ్రి కూడా 43 ఏళ్ళకే గుండెజబ్బుతో పోయాడు. పరుగు వంశపారంపర్యాన్ని చెరిపేయదని అప్పుడు తెలిసింది.

నేటి లెక్కలు భయానికీ ధీమాకూ మధ్యన నిలిచాయి. 2000 నుంచి 2010 వరకు అమెరికా మారథాన్, హాఫ్ మారథాన్ పరుగుల్లో సుమారు 1.09 కోట్ల మంది పాల్గొంటే 59 మందికి గుండె ఆగింది. వారిలో 42 మంది చనిపోయారు. అంటే ప్రమాదం అరుదు, కానీ లేకపోలేదు. గంటల తరబడి పరుగెత్తితే పలుచని గోడ గల కుడి జఠరిక తాత్కాలికంగా సాగుతుంది. విశ్రాంతితో చాలామందిలో మామూలు స్థితికి వస్తుంది. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల స్కీ పందెంలో పదే పదే పాల్గొన్నవారిలో మాత్రం గుండె లయ తప్పడం ఎక్కువగా కనిపించింది.

బండలాగుడుకు ఎద్దులను దించే మన రైతు ముందు నెలల తరబడి మేపి, సాధన చేయించి, పోటీ అయ్యాక విశ్రాంతి ఇస్తాడు. ఆ వివేకం మన విషయంలోనూ ఉండాలి. మిత్రుల్లో చాలామంది యాభై, అరవై దాటారు. నడక, పరుగు మానవద్దు. కానీ కుటుంబంలో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారుంటే, నడిచేటప్పుడు ఛాతీలో నొప్పో, కళ్ళు తిరగడమో ఉంటే, పందేనికి పేరివ్వకముందే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. వజ్రోత్సవానికి మనమంతా మళ్ళీ కలవాలి కదా!