పదిమంది లెక్క

యూదుల ప్రార్థనలో కొన్ని భాగాలు ఒంటరిగా చదవకూడదు. పోయినవాళ్ల కోసం చదివే కద్దీష్‌కైనా, ధర్మగ్రంథమైన తోరా చుట్ట విప్పి చదవడానికైనా పదిమంది పెద్దలు కావాలి. ఆ కూటమి పేరు మిన్యాన్. ఛాందస శాఖల్లో పదిమందీ మగవాళ్లే. కాబట్టి ఈ మతాన్ని అణచాలనుకున్న పాలకుడు పుస్తకాల జోలికి పోకున్నా, పదిమందినీ ఒకచోట చేరనివ్వకపోతే సగం పని అయినట్టే.

క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చాక బలుల స్థానాన్ని ప్రార్థన తీసుకుంది. గుడి ఒక్కటే, పదిమంది ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. తొలి ఉపాయం ఇదేనేమో.

1497లో పోర్చుగల్ తన యూదులకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించింది. బెల్మోంటే అనే కొండ ఊళ్లో కొన్ని కుటుంబాలు పైకి క్రైస్తవులుగానే బతుకుతూ, ఇంట్లో పాత ప్రార్థనలు సాగించాయి. వాటిని తల్లి నుంచి కూతురికి నోటిపాఠంగా అందించింది ఆడవాళ్లే. 1917లో సామ్యూల్ ష్వార్జ్ అనే గనుల ఇంజినీరు వాళ్లను చూసి లోకానికి చెప్పాడు. మిన్యాన్ లెక్కలోకి రానివాళ్లే మతాన్ని నిలబెట్టారన్నమాట!

వియన్నాది మరో దారి. కాథలిక్కులు కానివాళ్ల ప్రార్థనామందిరం వీధికి కనబడకూడదని అప్పట్లో అక్కడి నియమం. అందుకని 1826లో కట్టిన స్టాట్‌టెంపెల్‌ను అపార్టుమెంట్ల వరుసలో కలిపేశారు. బయటికి మామూలు ఇల్లు. లోపల పన్నెండు స్తంభాల నడుమ కోడిగుడ్డు ఆకారపు హాలు. 1938 నవంబరులో నాజీ మూకలు నగరంలోని సినగాగులను, అంటే యూదుల ప్రార్థనామందిరాలను, తగలబెట్టినప్పుడు దీన్ని లోపల ధ్వంసం చేశాయి గానీ నిప్పు పెట్టలేదు, పక్క ఇళ్లు అంటుకుంటాయని. కనబడకుండా దాచడానికి పెట్టిన నియమమే గోడలను కాపాడింది.

2020లో అడ్డుపడింది కరోనా. ఇజ్రాయెల్‌లో సినగాగులు మూతపడ్డాయి. ఎదురెదురు బాల్కనీల్లో నిలబడి, ఒకాయన గొంతెత్తి చదివితే మిగతావాళ్లు పై అంతస్తుల నుంచి ఆమెన్ అన్నారు. ఇది అప్పటికప్పుడు పుట్టిన వెసులుబాటు కాదు. 1565లో అచ్చయిన జోసెఫ్ కారో ధర్మశాస్త్రం షుల్హన్ అరూఖ్‌లోనే ఉంది: బయట ఎంత ఎత్తు కిటికీలో ఉన్నా సరే, ముఖం చూపిస్తే ఆ మనిషి పదిలో ఒకడు.

మరి జూమ్ తెరలో కనిపించే ముఖం? విపత్తు కాలం గనుక సరేనన్నారు కన్సర్వేటివ్ శాఖ రబ్బీలు కొందరు. ఛాందస రబ్బీలు ఒప్పుకోలేదు. తెర ముందున్నవాళ్లు ఆమెన్ అనవచ్చు, లెక్కలోకి మాత్రం రారన్నారు.