కొనేవాళ్లు ఒక్కటైతే: పొగాకు కంపెనీల విలీనాలు, రైతుల బేరం

రెండు కంపెనీలు విలీనమైతే బజారులో సరుకు ధర పెరుగుతుందా అన్నదే అందరూ ముందుగా అడిగే ప్రశ్న. ఆ కంపెనీలకు ముడిసరుకు అమ్మేవాడి సంగతి చాలాసార్లు ఆలస్యంగా గుర్తుకొస్తుంది. నిన్నటిదాకా తన సరుకు కోసం పోటీపడిన ఇద్దరు ఒక్కరైపోతే, ఈ ధర గిట్టదు, వేరేచోట అమ్ముకుంటానని చెప్పే వీలు అతడికి ఉండదు. ఈ మార్పును నూటముప్పై ఏళ్లకు పైగా తెగకుండా చూపించే పంట పొగాకు. దాని కథ అమెరికాలో మొదలై గుంటూరు, ప్రకాశం జిల్లాల దాకా వచ్చింది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్‌లో 1858లో విడి ఆకు వేలం మొదలైంది. అంతకు ముందు ఆకును పెద్ద పీపాల్లో కుక్కి అమ్మేవారు. కొత్త పద్ధతిలో రైతు తన ఆకును గిడ్డంగి నేల మీద కుప్పలుగా పోసేవాడు. పాటగాడు గుక్కతిప్పుకోకుండా ధర పాడుతూ వరుస వెంట నడిచేవాడు. కొనేవాళ్లు కుప్పలోంచి గుప్పెడు ఆకు లాగి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, కనుసైగతోనే పాట పెంచేవారు. ఒక్కో కుప్ప బేరం క్షణాల్లో తేలిపోయేది. ఏడాది కష్టానికి ఎంత వస్తుందన్నది ఆ క్షణాల్లో ఎందరు పాడారన్నదాన్ని బట్టే ఉండేది. చిన్నాపెద్దా పొగాకు కర్మాగారాలు ఊరూరా ఉన్న కాలం కాబట్టి పాడేవాళ్లకు కొదవ ఉండేది కాదు.

ఆ పరిస్థితిని మార్చినవాడు నార్త్ కరోలినాలోని డర్హమ్‌కు చెందిన జేమ్స్ బుకానన్ డ్యూక్. చేత్తో సిగరెట్లు చుట్టే పనికి బదులు అతడు ఆ పని చేసే బోన్సాక్ యంత్రాన్ని తెచ్చాడు. పోటీదారులకన్నా తక్కువ రాయల్టీకి ఆ యంత్రాలు దక్కేలా ఒప్పందం చేసుకున్నాడు. 1890లో డ్యూక్ కంపెనీతో పాటు అలెన్ అండ్ గింటర్, కిన్నీ, కింబాల్, గుడ్విన్ కంపెనీలు కలిసి అమెరికన్ టొబాకో కంపెనీ అయ్యాయి. దేశంలో తయారయ్యే సిగరెట్లలో దాదాపు 90 శాతం ఒక్క గొడుగు కిందికి చేరాయి. తర్వాతి పదేళ్లలో నమిలే పొగాకు, నశ్యం కంపెనీలు కూడా అందులో కలిశాయి. ట్రస్టు అని జనం పిలిచిన ఈ సంస్థకు ఆకు విషయంలో ఎదురుపాట పాడేవాళ్లు క్రమంగా తగ్గిపోయారు.

ఆ దెబ్బ అందరికన్నా గట్టిగా తగిలింది పశ్చిమ కెంటకీ, టెనెస్సీల్లోని బ్లాక్ ప్యాచ్ రైతులకు. పొగ పెట్టి ఆరబెట్టే నల్లాకు వాళ్ల పంట. దాన్ని ట్రస్టుతో పాటు ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల ప్రభుత్వ గుత్త సంస్థల ప్రతినిధులు కొనేవారు. వీళ్లంతా ప్రాంతాలు పంచుకున్నారు. ఒకరి ప్రాంతంలో మరొకరు పాడేవారు కాదు. దాంతో వేలానికి అర్థం లేకుండా పోయింది. కొనేవాడు రైతు కొట్టం దగ్గరికే వచ్చి ఒక ధర చెప్పి వెళ్లేవాడు. ఒప్పుకోకపోతే మరొకడు వచ్చేవాడు కాదు. సాగు ఖర్చు కూడా రాని రోజులు వచ్చాయి. 1904 సెప్టెంబరులో కెంటకీలోని గుత్రీలో వేలమంది రైతులు సమావేశమై రక్షణ సంఘం పెట్టుకున్నారు. పంటంతా సంఘం గిడ్డంగుల్లో పెట్టి, తగిన ధర వచ్చేదాకా అమ్మకూడదన్నది నిర్ణయం. కొనేవాళ్లు ఒక్కటయ్యారు కనుక అమ్మేవాళ్లూ ఒక్కటి కావాలన్న ఆలోచన సహజమైనదే, న్యాయమైనదే.

కానీ సంఘంలో చేరని రైతులకు ట్రస్టు ఎక్కువ ధర ఇచ్చింది. సంఘాన్ని లోపలి నుంచే చీల్చే ఎత్తు అది. ఫలితం భయంకరంగా పరిణమించింది. ముసుగులు వేసుకున్న రాత్రి రౌతులు సంఘంలో చేరనివాళ్ల నారుమళ్లు ధ్వంసం చేశారు, మనుషులను కొరడాలతో కొట్టారు. 1906లో ప్రిన్స్‌టన్‌లో, 1907 డిసెంబరులో హాప్కిన్స్‌విల్‌లో కంపెనీల గిడ్డంగులను తగలబెట్టారు. ఈ హింసలో నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది సాటి రైతులే. కెంటకీలోనే బర్లీ రకం పొగాకు పండించే రైతులు వేరే దారి పట్టి, 1908లో పెద్ద ఎత్తున పంటే వేయకుండా ఊరుకున్నారు. ఆ ఏడాది చివర ట్రస్టు వాళ్ల సంఘంతో బేరానికి దిగి నిల్వ సరుకు కొంది.

1911 మే 29న అమెరికా సుప్రీంకోర్టు ట్రస్టును తప్పుపట్టింది. అమెరికన్ టొబాకో, లిగెట్ అండ్ మయర్స్, లోరిలార్డ్, రేనాల్డ్స్ అన్న నాలుగు పెద్ద కంపెనీలు మిగిలాయి. కాగితం మీద కొనేవాళ్లు పెరిగారు. వేలం నేల మీద మాత్రం పాత అలవాటు పోలేదు. అమెరికన్, లిగెట్, రేనాల్డ్స్ కంపెనీల ప్రతినిధులు ముగ్గురూ హాజరైతే తప్ప ఏ ఒక్కరూ కొత్త మార్కెట్‌లో కొనడానికి దిగేవారు కాదని, ధరకు ముందే పైహద్దు పెట్టుకునేవారని తర్వాతి కేసులో రుజువైంది. తమకు అవసరం లేని తక్కువ రకం ఆకును కూడా కొని చౌక సిగరెట్ల తయారీదారులకు దక్కకుండా చేసేవారు. 1946లో సుప్రీంకోర్టు వాళ్ల శిక్షను ఖాయం చేసింది. ఒకసారి ఒక్కటైన కొనుగోలుదారులను చట్టం విడదీసినా, పోటీ వెంటనే తిరిగి రాదని ఆ ముప్పై అయిదేళ్లు చూపించాయి. రైతును నిజంగా నిలబెట్టింది 1930లలో మొదలైన కోటాల, మద్దతు ధరల ఏర్పాటు. కంపెనీలు మద్దతు ధరకు మించి పాడకపోతే ప్రభుత్వ రుణంతో సహకార సంఘమే ఆకు కొనేది.

ఆ ఏర్పాటును 2004లో చట్టం చేసి ఎత్తేశారు. అదే ఏడాది రేనాల్డ్స్, బ్రౌన్ అండ్ విలియమ్సన్ కలిశాయి. 2005లో ఆకు వ్యాపారులైన డైమన్, స్టాండర్డ్ కమర్షియల్ విలీనమై అలయన్స్ వన్ అయ్యాయి. 2015లో లోరిలార్డ్ రేనాల్డ్స్‌లో కలిసింది. 2017లో రేనాల్డ్స్ పూర్తిగా బ్రిటిష్ అమెరికన్ టొబాకో చేతికి వచ్చింది. ఈలోగా వేలం గిడ్డంగులు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడి రైతు ఎక్కువగా ఏడాది ఒప్పందం మీద కంపెనీకే ఆకు తోలుతున్నాడు. గ్రేడు నిర్ణయించేది కూడా ఆ కొనే కంపెనీయే.

బ్రిటిష్ అమెరికన్ టొబాకో కూడా ఒక రాజీలో పుట్టింది. 1901లో డ్యూక్ లివర్‌పూల్‌లోని ఓగ్డెన్స్‌ను కొనడంతో, విల్స్, ప్లేయర్ వంటి 13 బ్రిటిష్ కంపెనీలు కలిసి ఇంపీరియల్ టొబాకో అయ్యాయి. 1902లో ఇరుపక్షాలూ ఎవరి దేశం వాళ్లు ఉంచుకుని, మిగతా ప్రపంచాన్ని ఈ ఉమ్మడి సంస్థకు అప్పగించాయి. ఆ వరసలోనే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, అంటే నేటి ఐటీసీ, ఏర్పడింది. 1912లో గుంటూరు జిల్లాలో ఆకు సేకరణకు ఐఎల్‌టీడీ అనే కంపెనీ వచ్చింది. 1928 నుంచి వర్జీనియా పొగాకు వాణిజ్య పంటగా విస్తరించింది. విత్తనం, సలహా కంపెనీవే, ఆకు కొనేదీ కంపెనీయే. తర్వాత ఎగుమతి వ్యాపారులు వచ్చినా, రైతు డిపోకు ఆకు తోలి గ్రేడుకూ ధరకూ చెల్లింపుకూ వాళ్ల దయ మీదే ఆధారపడ్డాడు.

1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. కర్ణాటకలో 1984లో, ఆంధ్రప్రదేశ్‌లో 1985లో బోర్డు వేలం మొదలైంది. ఆకు ఆరబెట్టే బ్యారన్లకు రిజిస్ట్రేషన్, పంటకు పరిమితి, అమ్మకానికి వేలం కేంద్రం, చెల్లింపు బోర్డు ద్వారా. టంగుటూరు, కొండపి, కందుకూరు, జంగారెడ్డిగూడెం వంటి కేంద్రాల్లో రైతు తెచ్చిన చెక్కులు (ఆకు బేళ్లు) వరుసగా పేరుస్తారు. పాట రాని చెక్కు మీద ‘నో బిడ్’ పడుతుంది. దాన్ని రైతు మళ్లీ ట్రాక్టరెక్కించుకుని ఇంటికి తీసుకెళ్లాలి, కూలీ, బాడుగ అదనం. వేలం అందరి కళ్లెదుటే జరిగినా, పాడే కంపెనీలు కొన్నే. వాటిలో కొన్ని వెనక్కి తగ్గితే నో బిడ్లు పెరుగుతాయి. 2020లో ధరలు పడిపోయినప్పుడు రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ కూడా వేలంలో పాడింది. బోర్డు వేలం పరిధిలో లేని బర్లీ రైతుకు ఆ రక్షణ కూడా లేదు. 2025లో కంపెనీలు కొనడానికి ముందుకు రాకపోయేసరికి బర్లీ ఆకును కూడా మార్క్‌ఫెడే కొనాల్సి వచ్చింది.